వేలాడే కోడి కింద ఉత్తన్నం

కంచంలో ఉన్నది ఉత్తన్నం. పైన తాడుకు కోడి వేలాడుతోంది. లక్ష్మీపతి కోడి వంక చూస్తాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, మళ్లీ కోడి వంక చూస్తాడు. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట' మొత్తం చూడనివాళ్లకు కూడా ఈ ముక్క తెలుసు. పండక్కి టీవీలో వేస్తారు, మిగతా రోజుల్లో ఫోన్లలో తిరుగుతుంది.

నవ్వు పుట్టించే ఊహ రచయితది. కాదనను. అందులో పిసినారి లక్ష్మీపతిగా వేసిన కోట శ్రీనివాసరావు వాటా ఎంత అని లెక్క తీయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆ సన్నివేశాన్ని ఈమధ్య మాట వినపడకుండా పెట్టుకుని చూశాను. అప్పుడు అర్థమైంది. హాస్యం చేసేవాళ్లలో చాలామందికి ఒక అలవాటుంది. ఇది జోకు సుమా అని కంటి కొసతో మనకు చెప్పేస్తారు. కోట చెప్పడు. లక్ష్మీపతికి ఇది జోకు కాదు, భోజనం. కోడి రుచి కళ్లలోంచి దిగి నాలుక మీదికి వచ్చిందన్నంత తృప్తి ఆ మొహంలో. తినేవాడికి కడుపు నిండుతోంది, చూసే మనకు పొట్ట చెక్కలవుతోంది. లక్ష్మీపతి ఒక్కసారి మన వంక చూసి నవ్వి ఉంటే ఈ ముక్క పదేళ్లకే పాతబడేది.

ఇంత మెచ్చుకుంటున్నానని మా ఇంట్లో అందరూ నాతో ఉన్నారనుకోకండి. మా పెదనాన్న పరిషత్తు నాటకాల మనిషి. ఎక్కడ పోటీలున్నా చలిలో దుప్పటి కప్పుకుని తెల్లవారుజాముదాకా కూర్చునేవాడు. ఆయన తీర్పు ఒక్కటే: "స్టేజీ మీద మంచి నటుడు, సినిమాకెళ్లి పాడైపోయాడ్రా." నల్గొండ మిత్రుడొకడున్నాడు, వాడి ఫిర్యాదు పూర్తిగా వేరు: "మా భాష తీస్కపోయి విలన్ నోట్ల పెట్టిండు." ఇక కోట పేరెత్తితే ఎస్వీ రంగారావు తర్వాత ఈయనే అనేవాళ్లు సరేసరి. ఒకే మనిషి గురించి ఈ మూడు మాటలూ నిజమే కావచ్చని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కోట 1942 జూలై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తండ్రి డాక్టరు. కొడుకు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశాడు. ఆ తరంలో ఇది మామూలే. పగలు లెడ్జరు, రాత్రి రిహార్సలు. సి.ఎస్. రావు రాసిన 'ప్రాణం ఖరీదు' నాటకాన్ని 1978లో కె. వాసు సినిమాగా తీసినప్పుడు కోట తెర మీదికి వచ్చారు. చిరంజీవిని జనం మొదటిసారి చూసింది కూడా ఆ సినిమాలోనే. ఒకరికి ఆ తర్వాత అయిదారేళ్లలోనే రాష్ట్రమంతా కటౌట్లు లేచాయి. రెండోవారికి పేరు రావడానికే 1985 దాకా పట్టింది.

నాటకం నుంచి వచ్చినవాళ్లకు తెర దగ్గర ఒక చిక్కు ఉంటుంది. పరిషత్తు వేదిక మీద మైకులు పైనుంచి వేలాడుతుంటాయి. ముఖ్యమైన మాట వచ్చేసరికి నటుడు వాటి కిందికి నడిచి వెళ్లాలి. ఆఖరి వరసలో ఉన్నవాడికి కనుబొమ్మ కనపడదు కాబట్టి చెయ్యి లేపాలి, భుజం తిప్పాలి, గొంతు సాగదీయాలి. ఇదంతా మోసుకుని కెమెరా ముందుకొస్తే 'డ్రామా చేస్తున్నాడు' అంటారు. కోటలో కూడా ఈ సాగదీత లేదని నేను అనను. తొంభైల్లో కొన్ని సినిమాలు చూస్తే అందరూ పక్కనే ఉన్నా వెనక వరసకు వినిపించాలన్నట్టు అరుస్తుంటారు. కానీ నాటకం నుంచి ఆయన తెచ్చుకున్న అసలు సరుకు అది కాదు, మాటకు ముందుండే ఆలోచన. వేదిక మీద రెండో టేకు లేదు. ఎదుటివాడి మాట విని, దాన్ని లోపలికి పోనిచ్చి, అప్పుడు నోరు తెరవాలి. కోట నటనలో మాట కన్నా ఆ మాటకు ముందుండే అరక్షణం ఖరీదెక్కువ. విన్నాడు, లెక్క కట్టాడు, ఇప్పుడు అంటాడు. ఈ మూడూ ఆ మొహం మీద విడివిడిగా కనిపిస్తాయి.

1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కాశయ్యను చూడండి. టి. కృష్ణ దర్శకుడు, మాటలు రాసిన ఎం.వి.ఎస్. హరనాథరావు కూడా నాటకరంగం నుంచి వచ్చినవారే. విజయశాంతి ఝాన్సీ, చరణ్‌రాజ్ రౌడీ కాళి. కాశయ్య మంత్రి. అప్పటిదాకా మన తెర మీద చెడ్డ రాజకీయ నాయకుడంటే గొంతు పెంచేవాడు, బల్ల గుద్దేవాడు. కాశయ్య 'తమ్మి' అని పలకరించడంతో మొదలుపెడతాడు. తెలంగాణలో 'తమ్మి' అంటే పెద్దవాడు చిన్నవాణ్ని దగ్గరికి తీసుకునే పిలుపు. చెయ్యి భుజం మీద వేసినట్టుంటుంది. కోట ఆ మాటలోని ఆప్యాయతను తగ్గించలేదు, వెటకారం కలపలేదు. నిజంగానే దగ్గరికి తీసుకుంటున్నట్టు పిలిచాడు. దాంతో మనకు భుజం మీద చెయ్యి తగలదు, గొంతు మీద వేళ్లు తగులుతాయి. కాశయ్య చెడ్డవాడని మనకు చెప్పడానికి కోట ఎక్కడా ప్రయత్నించలేదు. లక్ష్మీపతి తన భోజనాన్ని నమ్మినట్టే కాశయ్య తన ఆప్యాయతను నమ్మాడు.

మా నల్గొండ వాడి కోపం సరిగ్గా ఇక్కడే. ఆ పిలుపు జనానికి ఎంత నచ్చిందంటే, తర్వాత ఎన్నో ఏళ్లు తెలంగాణ మాట వినపడిందంటే వచ్చేది విలనో, విలన్ పక్కనుండే వాడో, లేదా నవ్వించే నౌకరో అన్నంతగా స్థిరపడిపోయింది. హీరో ఏ జిల్లాలో పుట్టినా అచ్చు కృష్ణా, గుంటూరు మాటే మాట్లాడేవాడు. ఈ పాపం ఒక్క నటుడి నెత్తిన రుద్దడం అన్యాయమే. రాసినవాళ్లు, తీసినవాళ్లు, టికెట్టు కొని ఈల వేసిన మనం అందరం వాటాదారులం. అయినా కోటకు వాటా లేదంటే అబద్ధం. పైగా అది ఏ ఒక్క జిల్లా మాటా కాదు. కంకిపాడు నుంచి హైదరాబాదు చేరి ఆఫీసుల్లో, వీధుల్లో చెవిన పడిందల్లా ఏరుకున్నవాడి మాట. క్రియాపదం అక్కడిది, దీర్ఘం ఇక్కడిది. కరీంనగర్ చెవికి అతుకులు తెలిసిపోతాయి. నాకు తెలియలేదు, ఎందుకంటే నేను ఇటువైపు వాణ్ని.

లక్ష్మీపతి దగ్గరికి మళ్లీ వెళ్దాం. నాకు తనివి తీరలేదు. ఆ పాత్రకు ముందు రావు గోపాలరావు పేరు అనుకున్నారని, జంధ్యాల పట్టుబట్టి తనను పెట్టించారని కోట చాలాసార్లు చెప్పుకున్నారు. ఒక్కసారి ఊహించుకోండి. రావు గోపాలరావు గొంతులో ఎప్పుడూ నిండు భోజనం చేసిన మనిషి ఉంటాడు. ఆ గొంతుతో పిసినారితనం చేస్తే దర్జా వచ్చేది, దరిద్రం వచ్చేది కాదు. కోట ఒంట్లో ఆకలి ఉంది. పగిలిన కళ్లజోడు, మాసిన బట్టలు, అన్నిటికన్నా ముఖ్యంగా ముడుచుకుపోయే భుజాలు. ఖర్చవుతుందేమోనని గాలి కూడా చూసి పీలుస్తున్నట్టుంటాడు. పక్కన అరగుండు పాత్రలో బ్రహ్మానందం. ఆ కుర్రాడికి అంత పేరు రావడంలో కోటకూ భాగముంది. అరగుండు తిట్టుకునే ప్రతి తిట్టుకూ ఎదురుగా ఏమాత్రం చలించని రాయి ఒకటి ఉండబట్టే ఆ తిట్టు పేలింది. హాస్యంలో కొట్టేవాడికి చప్పట్లు వస్తాయి, గోడలా నిలబడేవాడికి రావు. ఆ సినిమాలో కోట చాలాచోట్ల గోడ.

అదే ఏడాది 'మండలాధీశుడు' వచ్చింది. ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావును పోలిన పాత్ర. కోట వేశారు. అభిమానుల ఆగ్రహాన్ని ఎదుర్కొన్నానని తర్వాత ఆయనే చెప్పారు. నటన సంగతికి వస్తే ఇక్కడ నాకు అసంతృప్తే. ఒక మనిషిని పోలి ఉండడమే పాత్రకు మొదలూ చివరా అయినప్పుడు కోట బలం పనికిరాదు. ఆ అరక్షణం ఆలోచన ఉండదు, గుర్తుపట్టేలా చెయ్యడమే ఉంటుంది. ఇంకో పన్నెండేళ్లకు, 1999లో, ఆయన బీజేపీ తరఫున విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే అయ్యారు. తెర మీద అంతమంది దొంగ నాయకులను చేసిన మనిషికి జనం నిజం ఓట్లు వేశారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు, నవ్వు మాత్రం వస్తుంది.

బాబూమోహన్‌తో జంటగా చేసిన సినిమాలను తొందరగా దాటేస్తాను. జనం విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు మళ్లీ చూస్తే తన్నులు, తిట్లు ఎక్కువ, మనుషులు తక్కువ. మా పెదనాన్న 'పాడైపోయాడు' అన్నది వీటిని చూసే. రోజుకో షూటింగు, ఏడు వందలు దాటిన సినిమాలు. అంత రాశిలో తాలు ఉండదా? విగ్గు మారుస్తూ, మీసం మారుస్తూ, గొంతు మాత్రం అదే పెట్టి లాగించిన సినిమాలు చాలానే ఉన్నాయి.

ఆ రాశిలోనే గట్టి గింజలూ ఉన్నాయి. 'గాయం'లో గురునారాయణ, 'గణేష్'లో ఆరోగ్య మంత్రి సాంబశివుడు. 2003లో తమిళ 'సామి'లో పెరుమాళ్ పిచ్చై. భాష మారినా ఆ చూపు మారలేదు. చివరి సంవత్సరాల్లో ఆయన పరాయి భాషల విలన్లను తేవడం మీద బాహాటంగా విరుచుకుపడ్డారు. మీరు తమిళం, హిందీ వెళ్లలేదా అని ఎదురు ప్రశ్న వేసినవాళ్లున్నారు. ప్రశ్నలో న్యాయముంది. అయినా పనివాడి కోణంలో చూస్తే ఆయన గోల నాకు అర్థమవుతుంది. మాట అర్థం తెలియనివాడు పెదవులు కదిపితే, గొంతు ఇంకొకరు ఇస్తే, మాటకు ముందుండే ఆ అరక్షణం ఎవరిస్తారు? డబ్బింగు థియేటర్లో మైకు ముందు నిలబడ్డవాడు మాటను అతికించగలడు, ఆలోచనను అతికించలేడు.

2004లో చంద్ర సిద్ధార్థ తీసిన 'ఆ నలుగురు'లో కోట మళ్లీ పిసినారే. అప్పులిచ్చే కోటయ్య. పదిహేడేళ్ల కిందటి లక్ష్మీపతికి దాయాది. బద్ధకస్తుడైతే పాత సామాను దులిపి వాడేసేవాడు. కోట అలా చెయ్యలేదు. లక్ష్మీపతి పిసినారితనం ఒక మతం, దాంట్లో ఆనందం ఉంది. కోటయ్య పిసినారితనం ఒక అలవాటు, దాంట్లో ఒంటరితనం ఉంది. రాజేంద్రప్రసాద్ చేసిన రఘురాం మంచితనం ముందు కోటయ్య ఇబ్బంది పడుతుంటాడు. చేతిలో పైసా వదలని మనిషి తన దగ్గర లేనిదేదో అవతలివాడి దగ్గర ఉందని గ్రహించడం అక్కడ కనిపిస్తుంది. మా పెదనాన్నకు ఈ సినిమా నేనే చూపించాను. అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "స్టేజీ వాడు ఎక్కడికి పోతాడ్లే" అన్నాడు. ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఆయన ఇంటావంటా లేదు. అంతకన్నా పెద్ద మెప్పు నేను ఆశించనూ లేదు.

2025 జూలై 13న కోట పోయారు. ఆ రోజంతా ఛానళ్లు కోడినే వేలాడదీశాయి. రాత్రి నల్గొండ మిత్రుడు ఫోన్ చేశాడు. పాత గొడవ మళ్లీ ఎత్తుతాడనుకున్నాను, ఎత్తాడు కూడా. ఆఖర్న ఫోన్ పెట్టేసే ముందు ఆగాడు.

"కాశయ్య తమ్మి అంటే గదే పిలుపు, మా పెద్దన్న పిలిచినట్లే ఉంటది. గందుకేరా నాకు కోపం."