మొదటి గడి, ఐదు మెట్లు

2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్లో 57.7 శాతం మంది తమ జాతీయత ‘ఇంగ్లిష్’ మాత్రమే అన్నారు. పదేళ్లు తిరిగేసరికి వాళ్లు 14.9 శాతమే మిగిలారు. ‘బ్రిటిష్’ మాత్రమే అన్నవాళ్లు 19.1 నుంచి 54.8 శాతానికి పెరిగారు. మధ్యలో బ్రెగ్జిట్ వచ్చింది, కరోనా వచ్చింది. దేనికి ముడిపెట్టినా ఒక గంభీరమైన వ్యాసం తయారవుతుంది. కానీ ఫారాన్ని తిరగేసి చూడండి. 2011లో ఇంగ్లండ్ ఫారంలో మొదటి గడి ‘ఇంగ్లిష్’ది, 2021లో ఆ చోటు ‘బ్రిటిష్’కి ఇచ్చారు. మార్పులో కొంత నిజమైనదే కావచ్చు గానీ, గడి చోటు మారడం కూడా ఒక కారణమని లెక్కలు ప్రకటించిన గణాంక కార్యాలయమే చెప్పింది. వేల్స్‌లో రెండుసార్లూ మొదటి గడి ‘వెల్ష్’దే. అక్కడ ‘వెల్ష్ మాత్రమే’ అన్నవాళ్లు 57.5 నుంచి 55.2కి తగ్గారు, అంతే. పక్కపక్కనే ఉన్న రెండు దేశాల్లో ఒకచోట భూకంపం, ఇంకోచోట ఆకు కూడా కదల్లేదు!

ఈ గడుల పక్కన మొరెనో ప్రశ్నను పెట్టి చూడాలి. లూయిస్ మొరెనో స్పెయిన్ సామాజిక శాస్త్రవేత్త. 1980లలో ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేస్తూ స్కాట్లండ్‌నూ కాటలోనియానూ పోల్చాడు. రాజకీయ సామాజిక శాస్త్రవేత్త హువాన్ లింజ్ స్పెయిన్‌లో చేసిన పరిశోధన నుంచి అందుకున్న ఆలోచనను ఐదు మెట్ల ప్రశ్నగా అక్కడ దించాడు. స్కాటిష్‌నే, బ్రిటిష్‌ని కాను. బ్రిటిష్ కన్నా స్కాటిష్‌ని ఎక్కువ. రెండూ సమానం. స్కాటిష్ కన్నా బ్రిటిష్‌ని ఎక్కువ. బ్రిటిష్‌నే, స్కాటిష్‌ని కాను. ఇందులో ఏదో ఒక మెట్టు మీదే నిలబడాలి.

జనాభా లెక్కల ఫారం ‘వర్తించేవన్నీ గుర్తించండి’ అంటుంది. అది ఉదారంగా కనిపించే సదుపాయమే, కానీ వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి ఫారం నింపే మనిషి మొదట సరిపోయిన గడిలో టిక్కు పెట్టి ముందుకు పోతాడు. రెండో టిక్కు పెట్టలేదంటే దాన్ని కాదన్నట్టు కాదు, అక్కడిదాకా చదవనే లేదేమో. మొరెనో ప్రశ్నకు జవాబివ్వాలంటే రెండో పేరు చదవక తప్పదు. అందుకే 2011లో స్కాట్లండ్ జనాభా లెక్కల్లో 62.4 శాతం ‘స్కాటిష్ మాత్రమే’ అయితే, ఆ కాలపు సర్వేల్లో మొరెనో ప్రశ్నకు ‘బ్రిటిష్‌ని కాను’ అని తేల్చిచెప్పినవాళ్లు పావువంతుకు కాస్త అటూ ఇటూ. 2014 సెప్టెంబరు 18న స్కాట్లండ్ ప్రజాభిప్రాయ సేకరణలో స్వాతంత్ర్యానికి పడిన ఓటు 44.7 శాతం. 62.4ను చూసి ఆ ఫలితాన్ని ఊహించినవాడు నవ్వులపాలయ్యేవాడు. పావువంతును చూసి ఊహించినవాడూ తప్పేవాడే.

అంటే మొరెనో మెట్లు నాకు నచ్చినా, వాటికీ లొసుగు ఉంది. ‘రెండూ సమానం’ అనే మధ్య మెట్టు మీద ఎవరెవరు నిలబడతారు? రెంటినీ గాఢంగా ప్రేమించేవాడూ, రెండూ పట్టనివాడూ, అడిగినవాడితో గొడవెందుకులే అనుకునేవాడూ ఒకేచోట చేరతారు. తల్లి స్పెయిన్‌లోని అందాలూసియా నుంచి పొట్టచేతబట్టుకుని కాటలోనియాలోని బార్సిలోనాకు వచ్చినామె, కొడుకు అక్కడే పుట్టినవాడు అనుకోండి. ఇద్దరూ ‘సమానం’ అనవచ్చు, ఆ మాటకు ఇద్దరి నోటా ఒకే అర్థం ఉండదు. 2015 సెప్టెంబరు కాటలోనియా ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరిన జాబితాలకు 47.8 శాతం ఓట్లు పడ్డాయి. ‘స్పానిష్‌ని కానే కాను’ అన్నవాళ్లతో మాత్రమే అన్ని ఓట్లు రావు. ‘ఎక్కువ కాటలన్’, చివరికి ‘సమానం’ మెట్టు మీదివాళ్లలో కొందరూ కలిస్తేనే ఆ అంకె.

ఇంకా పెద్ద లోపం, తరాజులో రెండే తట్టలుండటం. ఒకటి బరువెక్కితే రెండోది తేలిపోవాలని ఈ ప్రశ్న ముందే అనుకుంటుంది. లింజ్, ఆల్ఫ్రెడ్ స్టెపన్, యోగేంద్ర యాదవ్ కలిసి 2011లో తెచ్చిన పుస్తకంలో ఇదే తరహా ప్రశ్నను భారతదేశానికి అన్వయించారు. ఒక అస్తిత్వం రెండోదాన్ని తినేయనక్కర్లేదన్నది వాళ్ల వాదం. మన దేశం విషయంలో ఆ వాదం నాకు సబబుగానే తోస్తుంది. చిక్కు తెలుగు నేల మీదికి వచ్చేసరికి మొదలవుతుంది. ఒక చివర ‘భారతీయుణ్ణి’, ఇంకో చివర రాష్ట్రం పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వరంగల్ మనిషి ఆ రెండో చివర ఏమనాలి? తెలంగాణ ఉద్యమంలో పేచీ భారతీయతతో కాదు, తెలుగుతోనూ కాదు, ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాల మధ్య. రెండు తట్టల్లో ఆ మూడోదానికి చోటు లేదు. చెన్నైలోనో బెంగళూరులోనో తరాలుగా ఉన్న తెలుగువాడికి సమస్య మరోలా ఉంటుంది: అతనికి రాష్ట్రం ఒకటి, భాష ఇంకొకటి.

మన జనాభా లెక్కలు ‘నువ్వు ఎవరివి’ అని ఇలా అడగవు, మాతృభాష మాత్రం అడుగుతాయి. 2011లో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 8.11 కోట్లు. మూడేళ్లకు, 2014 జూన్ 2న, వాళ్లలో అత్యధికులున్న రాష్ట్రం రెండుగా విడిపోయింది. ఆ అంకెలో విడిపోవాలన్నవాళ్లూ ఉన్నారు, కలిసుండాలన్నవాళ్లూ ఉన్నారు.