కాలువలోంచి రంగం దాకా

గోదావరి జిల్లాల్లో పాతకాలం వాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. "పెద్దాడు రంగం వెళ్ళాడు" అంటే కూలికి సముద్రం దాటాడని అర్థం. బ్రిటిష్ బర్మాకి అదే రాజధాని. పటం తీసి చూడండి, కాకినాడా రంగమూ దాదాపు ఒకే అడ్డగీత మీద, పదిహేడో అక్షాంశానికి కాస్త కింద కనిపిస్తాయి. మధ్యలో సుమారు 1,500 కిలోమీటర్ల నీళ్ళు. గోదావరి డెల్టాలో వరి కోసిన చేతులే ఐరావతి డెల్టాకి పోయి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలెత్తాయి. కోరింగ రేవు పేరు పట్టుకుని అక్కడ మనవాళ్ళని కోరంగీలన్నారు.

ఈ ప్రయాణం మాటెత్తితే అందరూ పొగ ఓడ దగ్గరే ఆగిపోతారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి ఓడలు, డెక్కు మీద పరుచుకున్న చాపలు, కక్కులు, కన్నీళ్ళు. నిజమే. కానీ ఆ ఓడ బ్రిటన్‌లో తయారై వచ్చినది. మనిషిని ఇంటి రేవు నుంచి ఆ ఓడ నిచ్చెన దాకా చేర్చిన పనితనం మాత్రం ఇక్కడిది. నా కన్నెప్పుడూ దానిమీదే.

మొదట లాకు, అంటే పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తి దించే తలుపుల గది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టని పొలాలకి నీళ్ళిచ్చిన కట్టడంగానే చదువుకున్నాం. కానీ దాన్ని కట్టించిన కాటన్ దొర కాలువల్ని పడవలు నడిచే దారులుగా కూడా తవ్వించాడు. ఆనకట్ట ఎగువన నిలిచిన నీళ్ళు కూడా ఒక దారే. పశ్చిమ డెల్టా పడవ విజ్జేశ్వరం లాకులో పైకి లేచి గోదావరిలోకి వచ్చేది. నిలకడ నీటి మీద నది దాటి ధవళేశ్వరం లాకులో దిగి, తూర్పు కాలువ పట్టి కాకినాడ వైపు సాగిపోయేది. రైలు రాకముందు మాట ఇది. గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని రాలేదు.

లాకు తలుపుల్ని దగ్గరికి వెళ్ళి చూడాలి. రెండు రెక్కలు. మూసినప్పుడు తిన్నగా ఒకే గోడలా నిలబడవు, ఎగువకి మొన తిరిగి కోణంగా ఆనుకుంటాయి. ఒక్కో రెక్క లాకు వెడల్పులో సగానికంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అందుకే ఆ కోణం. గడియ లేదు, తాళం లేదు. వెనక నీరు ఎంత గట్టిగా తోస్తే రెక్కలు అంత గట్టిగా బిగుసుకుంటాయి. ఆ అంచుల్ని వడ్రంగి ఏమాత్రం వంకరగా చిత్రిక పట్టినా సందులోంచి నీరు చిమ్ముతుంది. తలుపు అడుగున చిన్న కంత, దానికో పలక. పలక ఎత్తగానే నీళ్ళు సుళ్ళు తిరుగుతూ దిగువకి జారతాయి, వాటితోపాటు పడవ మెల్లగా కిందికి దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానం కానిదే పదిమంది తోసినా రెక్క కదలదు. సమానమయ్యాక ఇద్దరు చాలు. తొందరపడే సరంగుని ఆపడానికి ఇంతకంటే మంచి కాపలాదారు ఎవరుంటారు?

కాకినాడ చేరాక రెండో చిక్కు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో అక్కడ తీరం మైళ్ళ దూరం లోతు లేదు. ఆ ఒండ్రే కోరింగ రేవుని పూడ్చేసింది. 1839 ఉప్పెన మిగతా పని కానిచ్చింది. అదే మట్టి హోప్ ఐలాండ్ అనే ఇసుక చేతిని చాచి కాకినాడకి అలల దెబ్బ తప్పించింది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చిందన్నమాట. ఓడలు దూరాన లంగరేసుకుంటే, ఒడ్డుకీ ఓడకీ మధ్య మనుషుల్నీ మూటల్నీ మోసినవి చెక్క పడవలు.

అలాంటి చెక్క పడవలు కట్టే వడ్రంగులు తాళ్ళరేవు చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. కాగితం మీద నక్షా గీయరు. వెన్నుదూలం పరిచి, కంటి కొలతతో పక్కటెముకలు నిలబెడతారు. పక్కటెముకకి తిన్నని కర్రని వంచరు, పుట్టుకతోనే వంగిన నల్లతుమ్మ కొమ్మని వెతుకుతారు. చెట్టు తనంతట తాను తిరిగిన వంపులో నార తెగదు, కోసి తెచ్చిన వంపులో తెగుతుంది. పలకల సందుల్లో నూలు పేని, ఉలితో సుత్తితో కూరుతూ పోతారు. ఆ చప్పుడు వింటే పని తెలుస్తుంది. నూలు వదులుగా ఉంటే మొద్దుగా మోగుతుంది, నిండితే ఖంగుమంటుంది. కూరేవాడు కళ్ళతో కాదు, చెవితో పని చేస్తాడు.

ఇంతలో అటువైపు రోజులు మారాయి. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీల మీద అల్లర్లు జరిగాయి. 1937లో ఇండియా నుంచి బర్మా వేరు పడింది. 1941 డిసెంబరులో రంగం మీద జపాను బాంబులు పడ్డాక ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ నడిచి ఇంటి దారి పట్టారు.

అంతకుముందు ఏళ్ళలో తిరుగు ప్రయాణం ఇంత కష్టంగా ఉండేది కాదు, కానీ నిదానంగా సాగేది. వెళ్ళేటప్పుడు తూర్పు కాలువ వాలు పడవని తోసుకుపోయేది. వచ్చేటప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని ఏటికి ఎదురు లాగాలి. అర్ధరాత్రి లాకులోకి చేరిన పడవలో రంగం మనిషి పెట్టె మీద తల వాల్చి నిద్రపోతుంటాడు. లాకు మనిషి పైతలుపు పలక ఎత్తుతాడు. నీళ్ళు లోపలికి వస్తాయి. నిద్ర చెదరకుండానే పడవ అతన్ని ఊరి మట్టానికి లేపుతుంది.