కామెర్లు - కాలేయం: తెలుగు వైద్యరచనలో రోగనామం, కారణభావన

వ్యాససంగ్రహం: కాలేయ వ్యాధుల కారణాలపై గత అరవై ఏళ్లలో పరిశోధన ఎంతో విస్తరించింది. ఆ జ్ఞానాన్ని తెలుగులోకి తెచ్చే పదజాలం లక్షణాన్నే రోగంగా, ఒక్కోసారి ఫలితాన్నే కారణంగా చూపుతున్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కామెర్లు, కాలేయం, హెపటైటిస్, పరిభాష, వైద్యరచన.

రంగే పేరైన రోగం

ఒకే అవయవానికి తెలుగులో సందర్భాన్ని బట్టి పేరు మారుతుంది. మాంసం కొట్టులో అది కార్జం, పాఠ్యపుస్తకంలో కాలేయం, ఆయుర్వేద గ్రంథంలో యకృత్తు, ఆసుపత్రిలో లివర్. రోగి మాత్రం ఈ నాలుగింటిలో దేనినీ ముందుగా ఎత్తుకోడు. అతడు చెప్పేది ‘కామెర్లు’.

ఈ మాట సంస్కృత ‘కామల’కు సంబంధించినది. చరకసంహిత పాండురోగాన్ని, కామలను ఒకే అధ్యాయంలో చర్చిస్తూనే, మార్గం నిరోధింపబడి మలం నువ్వుల ముద్ద రంగులో వెడలే కామలను విడిగా గుర్తించింది. పైత్యరసం పేగుకు చేరనప్పుడు మలం వర్ణం కోల్పోతుందన్న నేటి అవగాహనకు ఆ పరిశీలన చాలా దగ్గరగా ఉంది. వాడుక తెలుగు ఆ భేదాన్ని నిలుపుకోలేదు. కన్ను పచ్చబడితే అన్నీ పచ్చకామెర్లే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత మరో అడుగు ముందుకు వేసి, రోగి చూపునే తప్పు పట్టింది. నిజానికి ఆ పసుపు చూసేవారికే తప్ప సాధారణంగా రోగికి కనిపించదు.

ఇది తెలుగుకే పరిమితమైన లోపం కాదు. 1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ‘సిర్రోసిస్’ అన్న పేరు పెట్టినది కూడా గట్టిపడిన కాలేయంలో కనిపించిన గోధుమ-పసుపు వన్నెను బట్టే. రెండు పేర్లూ కంటికి కనిపించినదాన్ని చెప్పాయి, కారణాన్ని చెప్పలేదు.

కోలుకోవడం ఎవరి ఖాతాలో

పేరులోని ఈ అస్పష్టత చికిత్సపై నమ్మకాన్ని కూడా నిర్ణయిస్తోంది. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ప్రధానంగా కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వ్యాపిస్తాయి. 1955-56లో యమునలోకి చేరిన మురుగు ఢిల్లీ తాగునీటిలో కలిసినప్పుడు సుమారు 29,000 మంది కామెర్ల బారిన పడ్డారు. ఆ వ్యాధి ఇ రకానిదని దశాబ్దాల తరువాత తేలింది. ఈ రెండు రకాలలోనూ అధికశాతం రోగులు కొన్ని వారాలలో తమంతట తామే కోలుకుంటారు. ఆ వారాలలో మింగిన పసరు మందుకు, పెట్టిన వాతకు, పాటించిన పత్యానికి ఆ ఘనత దక్కుతుంది. ఇ రకం గర్భిణుల పట్ల, ముఖ్యంగా చివరి నెలల్లో, ప్రాణాంతకం కాగలదన్న విషయం ఆ కథనంలో ఇమడదు.

నేల ఉసిరి ఉదంతం ఇంకా సూక్ష్మమైనది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ పొందిన బ్లంబర్గ్ కూడా భాగస్వామిగా, మద్రాసులో జరిగిన పరిశోధన 1988లో లాన్సెట్‌లో వెలువడింది. ఆ మందు వాడిన 37 మంది వైరస్ వాహకులలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయిందని అది చెప్పింది. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితం నిలబడలేదు. నేల ఉసిరిని దివ్యౌషధంగా కీర్తించే రచనలు మొదటి సగాన్ని ఉటంకించి రెండవ సగం దగ్గర మౌనం వహిస్తాయి. ఆధారం చూపిన రచన కాబట్టి, అసలు ఆధారమే చూపనిదానికంటే ఇది పాఠకుణ్ణి ఎక్కువగా నమ్మిస్తుంది.

బి రకానికి ‘కామెర్లు’ అన్న పేరే సరిపోదు. పుట్టుకతో సోకిన శిశువులలో దాదాపు 90 శాతం మందిలో అది దీర్ఘకాలికమవుతుంది, పెద్దలలో అది 5 శాతం లోపే. ఏళ్ల తరబడి కన్ను పచ్చబడదు, చివరకు సిర్రోసిస్‌గానో క్యాన్సర్‌గానో బయటపడుతుంది. ఈ వైరస్‌కు భారతదేశంలో తొలి స్వదేశీ రీకాంబినెంట్ టీకాను 1997లో అందించినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. తెలుగునేల మీద తయారైన ఆ మందు జనం నోట ‘కామెర్ల టీకా’ అయింది. టీకా వేయించుకున్నవారికి నీటి ద్వారా వచ్చే కామెర్లు సోకితే, టీకా పనిచేయలేదనుకోవడం సహజం. ఇక్కడ తప్పు టీకాది కాదు, పేరుది.

వాపు, కొవ్వు

హెపటైటిస్‌ను ‘కాలేయ వాపు’గా అనువదించడం రచనల్లో స్థిరపడింది. సిర్రోసిస్ ముదిరినవారికి కాళ్లు వాస్తాయి. కారణస్థానంలోనూ ఫలితస్థానంలోనూ ఒకే మాట నిలిచాక, కాళ్ల వాపు తగ్గితే కాలేయ వాపు తగ్గిందని పాఠకుడు భావిస్తే అతణ్ణి నిందించలేం. దీనికి భిన్నంగా ‘జలోదరం’ ఎంత నిక్కమైన పదం! పొట్టలో నీరు చేరిందని చెప్పి అక్కడే ఆగుతుంది.

మద్యం దాదాపు ముట్టనివారిలోనూ కొవ్వు వల్ల కాలేయం దెబ్బతింటుందని 1980లో మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్ బృందం వర్ణించింది. తాగనివారి జబ్బును తాగుడు పేరుతోనే, ‘ఆల్కహాలేతర’మని, పిలవడం నాలుగు దశాబ్దాలు సాగింది. 2023లో అంతర్జాతీయ కాలేయవైద్య సంఘాలు ఆ పేరును మార్చి, జీవక్రియల లోపాన్ని పేరులోకి తెచ్చాయి. ‘ఫ్యాటీ’, ‘ఆల్కహాలిక్’ అన్న మాటలు రోగిని కించపరుస్తాయన్నది వారు చూపిన కారణాలలో ఒకటి. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా తీవ్రం. ‘కొవ్వు పట్టింది’, ‘కొవ్వెక్కింది’ అన్నవి తిట్లు. ‘కొవ్వు పట్టిన కాలేయం’ అని రాసే రచయిత తనకు తెలియకుండానే రోగిని పొగరుబోతును చేస్తాడు. కొత్త ఆంగ్లనామాన్ని దీర్ఘసమాసంగా మార్చినంత మాత్రాన అది వాడుకలోకి రాదు. ఇక్కడ మార్చవలసింది క్రియాపదాన్ని: ‘కాలేయంలో కొవ్వు చేరింది’ అంటే చాలు. నీరు చేరడం, చీము చేరడం అని తెలుగువారు ఏ నిందా లేకుండా ఇప్పటికే అంటున్నారు.