'దొంగ', 'జెయ్', సర్వాయి పాపన్న: ఒక పదార్థ పరిశీలన

చైనా భాషలో 'జెయ్' అనే పదానికి నేటి వ్యవహారంలో 'దొంగ' అని అర్థం. ప్రాచీన గ్రంథాలలో పరుల సొత్తు అపహరించేవానికి 'దావ్' అనే వేరే పదం ఉంది; 'జెయ్' అంటే ప్రధానంగా హాని చేసేవాడు, రాజ్యంపై తిరగబడినవాడు. క్రీ.శ. 184లో హాన్ సామ్రాజ్యంపై లేచిన పసుపు తలపాగాల తిరుగుబాటుదారులను అధికారిక చరిత్రలు ఈ మాటతోనే పేర్కొన్నాయి. అంతకు శతాబ్దాల ముందే మెన్షియస్ దీనిని పాలకునిపైకి తిప్పాడు: కారుణ్యాన్ని ధ్వంసం చేసేవాడు రాజైనా 'జెయ్' అన్నాడు.

తెలుగు 'దొంగ' మరో దిశలో విస్తరించింది. దొంగ సంతకం, దొంగ ఏడుపు, దొంగ నిద్ర వంటి ప్రయోగాలలో పోయిన సొత్తు లేదు, కపటమే ఉంది. 'వెన్నదొంగ'లో వాత్సల్యం ఉంది. రాజద్రోహం అనే అర్థం మాత్రం ఈ పదానికి సహజంగా లేదు. కనుక 'జెయ్'ని అన్నిచోట్లా 'దొంగ' అని అనువదిస్తే తిరుగుబాటు చిల్లర చౌర్యంగా కుదించుకుపోతుంది.

ఇది అనువాదకుల సమస్య మాత్రమే కాదు. ఖిలాషాపురం కోటను స్థావరం చేసుకొని, 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో మరణశిక్షకు గురైన గీత కులస్థుడు సర్వాయి పాపన్నను మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ దోపిడీగాడిగా చిత్రించాడు. జానపద గాథ వీరునిగా కీర్తించింది. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఈ రెండు దృష్టులనూ పక్కపక్కన నిలిపి పరిశీలించారు. 'దొంగా, వీరుడా?' అన్న ప్రశ్న తెలుగులో రెండు పదాల మధ్య ఎంపికగా మిగిలింది. 'జెయ్' చరిత్ర ఆ ప్రశ్న రూపాన్నే మారుస్తుంది: ఆ పేరు పెట్టినది ఎవరు? హాని జరిగినది ఎవరికి?

రెండవ ప్రశ్న పాపన్ననూ విడిచిపెట్టదు. వరంగల్లు దాడిలో స్త్రీలు, పిల్లలు బందీలయ్యారని మొగలు కథనం చెబుతున్నది. అది శత్రుపక్షపు సాక్ష్యమే అయినా, గాథపై ప్రీతితో దానిని పక్కన పెట్టడం విమర్శ అనిపించుకోదు. అలాగే మెన్షియస్ కొలతను పాపన్నకు వర్తింపజేసి, అతనిని శిక్షించిన అధికారానికి మినహాయింపు ఇవ్వడమూ న్యాయం కాదు. జానపద వీరగాథల అధ్యయనంలో 'దొంగ', 'బందిపోటు' వంటి పదాలను వర్ణనలుగా కాక తీర్పులుగా గుర్తించి, ఆ తీర్పు ఇచ్చినవారి స్థానాన్ని కూడా విచారించవలసి ఉంది.