ప్రకృతి ఎవరిది?
(గాంధీజీ ఆరోగ్య సూత్రాలపై ఒక పరిశీలన)

ప్రకృతి చికిత్సను గూర్చి మన అభ్యుదయవాదులలో రెండు ధోరణులు కనిపిస్తున్నవి. కొందరు దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో తోసివేస్తారు. మరికొందరు చవుక వైద్యం గనుక ప్రజల వైద్యమేనని సరిపెట్టుకుంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఏ భావాన్నయినా అది పుట్టిన కాలంలో, నిలబడిన నేలమీద పెట్టి చూడటం మన విమర్శ పద్ధతి.

ఈ చికిత్సకు సిద్ధాంతరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు జర్మన్ దేశస్థుడు లూయీ కూనే. 1883లో లైప్‌జిగ్ నగరంలో చికిత్సాలయం తెరిచాడు. రోగాలన్నీ ఒక్కటేననీ, దేహంలో పేరుకున్న మాలిన్యమే వాటి మూలమనీ, తొట్టిస్నానాలతో, ఆవిరితో, మితాహారంతో దాన్ని వెళ్లగొట్టవచ్చుననీ ఆయన వాదం. అంతకు ముందు ఏడాదే రాబర్ట్ కాఖ్ బెర్లిన్‌లో క్షయరోగ సూక్ష్మజీవిని ప్రకటించాడు. ఒక్కొక్క అంటురోగానికీ ఒక్కొక్క కారణం ఉన్నదని శాస్త్రం రుజువు చేస్తున్న ఘడియలోనే, కారణాలన్నిటినీ ఒక్కదానిలో కలిపివేసే సిద్ధాంతం బయలుదేరింది.

అయినా జనం కూనేను నమ్మటం వట్టి అజ్ఞానం కాదు. కాఖ్ క్రిమిని చూపాడు గాని మందు చూపలేకపోయాడు. క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. శాస్త్రం చేతులు ఖాళీగా ఉన్నంతకాలం రోగి నీటినీ గాలినీ నమ్ముకున్నాడు. కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతిశర్మ 1894లోనే తెలుగు చేశారు.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉండగా కూనేనూ, అడాల్ఫ్ యుస్ట్‌నూ చదివి, నీటి చికిత్సనూ మట్టిపట్టీలనూ తానే ఆచరించి చూశారు. 1942లో ఆగాఖాన్ భవనంలో బందీగా ఉండి 'ఆరోగ్యనీ చావీ' రాశారు. మన్ను, నీరు, ఆకాశం, సూర్యుడు, గాలి - ఈ అయిదే అందులో ఔషధాలు. 1946లో మొదట పూనా నగరంలో పేదలకు ప్రకృతి చికిత్స ఏర్పాటు చేయబోయి, పల్లె జనానికి పల్లెలోనే వైద్యం ఉండాలని గ్రహించి, ఉరుళీ కాంచన్ గ్రామానికి వెళ్లారు. ఇది సామాన్యమైన విషయం కాదు. మందు సీసా సరుకై, వైద్యం అంగడి అయిన కాలంలో, రోగికి తన దేహాన్ని తాను తెలుసుకునే హక్కు ఉన్నదనటం ప్రజాస్వామికమైన మాట.

కాని ఆ పుస్తకంలోని 'ప్రకృతి' ఎవరిది? బుద్ధిజీవికి ఆయన సూచించిన దినాహారంలో రెండు పౌన్ల ఆవుపాలు, ఔన్సున్నర నెయ్యి ఉన్నవి. పండ్లు మాత్రం అభిరుచినిబట్టీ డబ్బునిబట్టీ తినవచ్చు. ఆ మరుసటి ఏడే, 1943లో, బెంగాలులో లక్షలాది జనం గంజి లేక చచ్చిపోయారు. 'లంఖణం పరమౌషధం' అని మన సామెత. తిన్నవాడికి అది ఔషధం, తిండి లేనివాడికి అదే రోగం. పొద్దంతా ఎండలో నాట్లు వేసే కూలిమనిషికి సూర్యస్నానం బోధించగలమా? పశువులూ మనుషులూ ఒకే చెరువు నీళ్లు తాగే వూళ్లో నీరు ఔషధమా, విషమా? పంచభూతాలు అందరివే అంటాం గాని, మంచినీళ్ల బావి దగ్గర కులం, ఇంటి కిటికీ దగ్గర ఆస్తి కాపలా ఉన్నవి.

అసలు లోపం ఇక్కడున్నది. 1909లో 'హింద్ స్వరాజ్' రాసిననాటినుండీ గాంధీజీ దృష్టిలో రోగం మనిషి సంయమం తప్పినందుకు గుర్తు. బాధ్యత వ్యక్తి మీద పడింది, కూలిరేటు తప్పుకున్నది. ఆచరణ మాత్రం సిద్ధాంతం కన్న విశాలమైనది. 1924లో అపెండిసైటిస్ వచ్చినప్పుడు పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ చేత ఆయన శస్త్రచికిత్స చేయించుకున్నారు. దీన్ని కపటమని ఎత్తిపొడవటం చవుకబారు విమర్శ. జీవితం సిద్ధాంతాన్ని సవరించిందనటమే న్యాయం.

1848లో రుడాల్ఫ్ విర్కో అనే యువ వైద్యుడు అప్పర్ సైలీషియాలో టైఫస్ జ్వరాలను పరిశీలించి, ఆ జనానికి కావలసిన మందు ప్రజాస్వామ్యం, చదువు, మెరుగైన బతుకు అని నివేదిక రాశాడు. ఆయన కూడ గాలినీ నీటినీ పట్టించుకున్నాడు. అయితే అవి ఎవరికి అందుతున్నవో అడిగాడు.

నేడు ప్రకృతి చికిత్స ప్రభుత్వ గుర్తింపు పొందిన చదువు. 2014నుండి ఆయుష్‌కు కేంద్రంలో ప్రత్యేక మంత్రిత్వశాఖ కూడ ఉన్నది. మరోవంక ఉరుళీ పల్లెకోసం తలపెట్టిన మట్టిపట్టీ, సంపన్నుల విశ్రాంతి గృహాలలో వేల రూపాయల సరుకయింది. మితాహారాన్నీ, వ్యాయామాన్నీ, శుభ్రతనూ మనం కాదనవలసిన పనిలేదు. క్షయకు మందు మాన్పించే ప్రకృతివాదాన్ని మాత్రం నిర్మొహమాటంగా ఎదిరించాలి. దానితోబాటు ప్రతి వూరికీ మంచినీళ్లు, మురుగు కాలవ, ఆసుపత్రి కావాలని పోరాడాలి. అప్పుడే ప్రకృతి అందరి సొత్తవుతుంది.