నవ్వులపాలైనవారి నవ్వు

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించాడు: తాను నవ్వడం ఒకటి, ఇతరులను నవ్వించడం మరొకటి. మన సినిమాలు స్వలింగ ప్రేమికులకు చాలాకాలం రెండోదే మిగిల్చాయి. హర్షవర్ధన్ కులకర్ణి హిందీ చిత్రం 'బధాయీ దో' (2022) ఆ లెక్క మార్చిందని మా అభిప్రాయం.

డెహ్రాడూన్‌లో పోలీసు శార్దూల్, వ్యాయామ ఉపాధ్యాయిని సుమన్ సంబంధాల పోరు పడలేక, ఎవరి ప్రేమ వారిదేనన్న ఒప్పందంతో పెళ్ళాడతారు. అంతకుముందు సుమన్‌కు డేటింగ్ యాప్‌లో పరిచయమైన 'అమ్మాయి' తీరా చూస్తే మగవాడు! పెళ్ళయ్యాక 'విశేషమేమైనా ఉందా?' అని బంధువుల ఆరా. ఇక్కడ నవ్వు పుట్టేది వారి ప్రేమలోంచి కాదు, దాన్ని దాచక తప్పని అవస్థలోంచి.

స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. చాలా ఇళ్ళలో తీర్పు ఇంకా రాలేదు. ఉత్తరార్ధంలో హాస్యం పలచబడిన మాట నిజమే. అయినా నవ్వులపాలైనవారికే ఇందులో నవ్వే హక్కు దక్కింది.