చెరిపివేతయా? పేరు తీసివేతయా?

లినక్స్‌లో 'ఆర్‌ఎం' అను ఆజ్ఞ ఫైలును చెరిపివేయునని విద్యార్థులకు చెప్పుచుందురు. ఇది సరికాదు. ఆ ఆజ్ఞ తొలగించునది పేరును మాత్రమే. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయములో సూచికాపత్రమును చించినంత మాత్రమున బీరువాలోని పుస్తకము మాయమగునా? ఫైలునకు గల చివరి పేరు పోయి, ఏ ప్రోగ్రామూ దానిని వాడకున్నచో, ఆ చోటు ఖాళీయని లెక్క వ్రాయబడును. తార్నాకలో టు-లెట్ బోర్డు కట్టిన గదిలో పాత సామాను మిగిలినట్లు, క్రొత్త సమాచారము వచ్చి చేరువరకు పాతది అయస్కాంతపు డిస్కుపై సాధారణముగా నిలిచియుండును.

ఇందు రెండు దోషములు కలవు. పొరపాటున పోయినదానిని తిరిగి తీసికొనుటకు చెత్తబుట్ట లేదు. రహస్యము నిజముగా పోయినదను హామీయు లేదు. '*.టీఎక్స్‌టీ' అని వ్రాయవలసినచోట నక్షత్రపు గుర్తు తరువాత ఒక్క ఖాళీ పడినచో, ఆ ఫోల్డరులోని మామూలు ఫైళ్లన్నియు పోవును. సాధారణముగా ఆజ్ఞ మారు ప్రశ్న వేయదు.

1969లో బెల్ ప్రయోగశాలలో ఆరంభమైన యూనిక్స్ నుండి వచ్చిన ఈ మితభాషిత్వము నిపుణులకు సుఖము, విద్యార్థులకు గండము. కావున ఉపాధ్యాయులు మొదట 'ఎల్‌ఎస్'తో జాబితా చూపించి, పిదప ప్రతి ఫైలునకు అనుమతి అడుగు 'ఆర్‌ఎం -ఐ'ని నేర్పుట మేలు. 'చెరిపితిమి' అను మాటను మాత్రము మానవలెను.